ఆడేవాళ్ళు, ఆటగాళ్ళు

ఫోన్లు వచ్చి పిల్లల ఆటలు పోయాయన్న మాట ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ వినిపిస్తోంది. బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టినా, పెళ్ళి పందిట్లో నలుగురు పెద్దలు కూర్చున్నా ఆ మాట రాకుండా ఉండదు. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ వాక్యంలోని ‘ఆట’ దగ్గర నేను ఆగిపోతాను. ఏ ఆట పోయింది? ఎవరి ఆట పోయింది? పదమూడేళ్ళ అబ్బాయి సాయంత్రం మైదానం మానేసి ఫోను పట్టుకున్నాడంటే ఒక ఆట పోయి ఇంకొకటి వచ్చిందనుకోవచ్చు. అదే వయసు అమ్మాయి ఫోను పట్టుకుంటే ఆమె మానేసిన మైదానం ఏది? దీనికి జవాబు చాలావరకు మన మాటల్లోనే ఉంది. ‘ఆడు’ అనే క్రియలోనూ, దానికి పుట్టిన పిల్లల్లాంటి నామవాచకాల్లోనూ ఉంది.

తెలుగులో ‘ఆడు’ అంత చాకిరీ చేసే క్రియలు తక్కువ. మూలార్థం కదలిక. తమిళ, కన్నడ, మలయాళాల్లోనూ ఈ ధాతువు ఉంది, అక్కడా కదలికే దాని ప్రాణం. గాలి ఆడుతుంది, ఊపిరి ఆడుతుంది, భయం వేస్తే కాలూ చెయ్యీ ఆడవు. గానుగ ఆడుతుంది, మరకు పోయి పిండి ఆడించుకొస్తాం. హాల్లో సినిమా ఆడుతుంది, మొదటాట, రెండో ఆట అని లెక్కపెట్టుకుంటాం. నోరు కదిలితే మాట్లాడటం, అదుపు తప్పితే అబద్ధమాడటం, చెయ్యి లేస్తే కొట్లాడటం. తోలుబొమ్మలది ఆట, అడుగులు వేస్తే ఆట, కూత పెట్టి గీత దాటితే ఆట. నాట్యానికీ క్రీడకీ రెండు మాటలు అక్కర్లేదనుకున్న భాష ఇది. ఆటపాటలు అన్నప్పుడు అందులో చిందు ఉందో చెమ్మచెక్క ఉందో విడదీసి చెప్పలేం. ఆడదాని బతుకులో ఈ క్రియ ఇంకా లోతుకు పోయింది. పెళ్ళాడటం ఇద్దరికీ ఉంది, నీళ్ళాడటం ఆమె ఒక్కదానికే. ప్రసవవేదనకు కూడా భాష ‘ఆడు’నే పిలిచింది. ఆమె గీత దాటిందని ఎవరికన్నా అనిపిస్తే ఊరు ఆడిపోసుకునేదీ ఈ క్రియతోనే.

ఇక్కడ ఒక సంగతి తేల్చుకోవాలి. ‘ఆడపిల్ల’లోని ఆడ ఇది కాదు. ద్రావిడ భాషల వ్యుత్పత్తి కోశం కూర్చిన బరో, ఎమెనో ఈ రెంటినీ వేరు వేరు మాటలుగానే చూపించారు. తెలంగాణలో, రాయలసీమలో ఇంకో ‘ఆడ’ ఉంది, అక్కడ అని అర్థం. ఆడపిల్ల ఎప్పటికైనా ఆడి పిల్లేగానీ ఈడి పిల్ల కాదని పెద్దవాళ్ళు అంటుంటారు. వ్యుత్పత్తిగా అది నిలవదు. శబ్దం కలిసినంత మాత్రాన సిద్ధాంతం కట్టడం నాకు ఇష్టం లేదు కాబట్టి దాన్ని అక్కడే వదిలేస్తాను.

వ్యాకరణాన్ని మాత్రం వదల్లేం. అతను ఆడాడు. ఆమె ఆడింది. సినిమా ఆడింది. తెలుగు ఏకవచనంలో స్త్రీకీ సినిమాకీ క్రియారూపం ఒకటే. బహువచనానికి వచ్చేసరికి మాత్రం స్త్రీలు మనుషుల వైపు వస్తారు: అబ్బాయిలు ఆడారు, అమ్మాయిలు ఆడారు. ఒక్కతే ఆడితే వస్తువుతో జత, పదిమందితో కలిసి ఆడితే పురుషుడితో జత. వ్యాకరణమే మనసును తయారుచేస్తుందని నేను అనను. పక్కనున్న తమిళంలో ‘ఆడినాళ్’ అని స్త్రీకి సొంత రూపం ఉంది, అయినా అక్కడి అమ్మాయిలకు మైదానం తేలిగ్గా దొరకలేదు. భాష చేసేది వేరే పని. సమాజం ఎవరిని ఎక్కడ నిలబెట్టిందో గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుర్తు క్రియలో కన్నా కర్త పేరులో ఎక్కువగా కనిపిస్తుంది.

అందగాడికి జోడు అందగత్తె. మొనగాడికి మొనగత్తె. పాటగాడికి పాటగత్తె. ఈ లెక్కన ఆటగాడికి జోడు ఆటగత్తె కావాలి. కానీ ఏ క్రీడల పేజీలోనూ ఆ మాట కనిపించదు. మాట లేక కాదు. నిఘంటువులో ‘ఆటకత్తె’ ఉంది, నాట్యమాడే స్త్రీ అని. ‘ఆటవెలది’ ఉంది, వేమన్న పద్యాల ఛందస్సుగా బడిపిల్లలందరికీ తెలిసిన పేరు. దాని అర్థం నర్తకి, ఇంకో అడుగు వేస్తే వేశ్య. పిల్లలకు ఆ ఛందస్సు గణాలు నేర్పుతాంగానీ పేరుకు అర్థం చెప్పకుండా దాటేస్తాం.

గోదావరి, కృష్ణా తీరాల్లో కళావంతుల మేళాలు పెళ్ళిళ్ళలోనూ ఉత్సవాల్లోనూ ఆడిన కాలం ఒకటుంది. నలుగురి ముందు ఆడే స్త్రీ అంటే ఆ రోజుల్లో వాళ్ళే. పందొమ్మిదో శతాబ్దం చివర్లో వీరేశలింగం భోగం మేళాల మీద గట్టిగా పోరాడారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో ఆడపిల్లలను దేవదాసీలుగా అంకితమివ్వడాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆ ఉద్యమంలో మంచెంత, దాని కింద నలిగిన కళ ఎంత అన్నది పెద్ద చర్చ, ఇక్కడ ఇమడదు. కూచిపూడిలో అయితే సత్యభామ వేషం కూడా మగవాళ్ళే కట్టారు. వేదాంతం సత్యనారాయణ శర్మ ఆ వేషంతోనే దేశమంతా పేరు తెచ్చుకున్నారు. మగవాడు ఆడవేషం కట్టి ఆడితే కళాకారుడు, ఆడది సొంత ముఖంతో ఆడితే ఆటవెలది. ‘ఆటకాడు’ కూడా మొదట్లో ఆడి చూపించేవాడే. కాలం ఆ మాటను ఆటగాడుగా మార్చి మైదానంలోకి గౌరవంగా తీసుకొచ్చింది. ఆటకత్తెను మాత్రం మేళం దగ్గరే వదిలేసింది.

కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం గెలిచి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అయింది. సింధు 2016లో రియోలో రజతం గెలిచింది. వాళ్ళను పిలవడానికి మరక లేని పేరు కావలసి వచ్చింది. పత్రికలు సంస్కృతం వైపు చూసి ‘క్రీడాకారిణి’ని తెచ్చుకున్నాయి. నిజానికి కావ్యాల్లో ‘క్రీడ’ అంత శుద్ధమైన మాటేమీ కాదు, జలక్రీడల నుంచి రతిక్రీడ దాకా దానికీ బోలెడు చరిత్ర ఉంది. కానీ అది గ్రంథాల్లో ఉండిపోయిన చరిత్ర, వీధిలో ఎవరి మీదా తిట్టుగా పడలేదు. అందుకని పనికొచ్చింది. అచ్చులో పనికొచ్చిందేగానీ నోటికి ఎక్కలేదు. ఊళ్ళో ‘ఆ అమ్మాయి మంచి ప్లేయర్’ అంటారు. లింగం అంటని ఇంగ్లీషు మాట దొరికితే హాయిగా వాడేసుకున్నారు. ఇంగ్లీషుకూ ఇలాంటి చిక్కే వస్తే మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్బు 2021 సెప్టెంబరులో ఆట నిబంధనల్లో ‘బ్యాట్స్‌మన్’ తీసేసి ‘బ్యాటర్’ అని రాసింది. మన పత్రికలు కూడా ఆ మార్పును అందుకున్నాయి. సొంత మాట ఆటగత్తెను మాత్రం ఎవరూ బాగుచేయలేదు.

మిథాలీ రాజ్ గురించి చెప్పేటప్పుడు ఈ లోటు నాకు బాగా తెలుస్తుంది. హైదరాబాదులో పెరిగిన ఆమె చిన్నప్పుడు భరతనాట్యం నేర్చుకుంది, తర్వాత దాన్ని విడిచి క్రికెట్‌లో నిలబడింది. 1999లో ఐర్లాండ్ మీద ఆడిన మొదటి వన్డేలోనే 114 పరుగులతో అజేయంగా నిలిచింది. 2022లో రిటైరయ్యేనాటికి ఆమె వన్డే పరుగులు 7,805. నాట్యం నుంచి క్రికెట్‌కి వచ్చిందని మనం అనుకుంటాంగానీ తెలుగు ‘ఆట’ ప్రకారం ఆమె ఎక్కడికీ వెళ్ళలేదు. పాదం ఎక్కడ పడాలో, శరీరం ఏ క్షణంలో ఎటు వాలాలో తెలియడం రెంటిలోనూ ఒకే విద్య. ఇంత విశాలమైన మాట ఉన్న భాషలో ఆమెను పిలవడానికి సరైన కర్తృవాచకం లేకపోవడం బాధ కలిగిస్తుంది.

పెద్దయిన స్త్రీలు బాహాటంగా ఆడిన ఆట మనకు లేదా అంటే, తెలంగాణలో బతుకమ్మ ఉంది. అక్కడి క్రియ ఆడటమే: బతుకమ్మ ఆడతారు. తొమ్మిది రోజులు, ఊరి నడుమ, పసిపిల్ల నుంచి ముసలవ్వ దాకా. పాట, అడుగు, పోటీ అన్నీ అందులోనే ఉన్నాయి. ఆంధ్రలో సంక్రాంతికి గొబ్బిళ్ళు ఉన్నాయి. కోలాటంలో ఆట పేరులోనే కలిసిపోయింది. అయితే బతుకమ్మ ఆడే ఆమెకు పేరేమిటి? పేరు లేదు. అందరూ ఆడతారు, ఎవరూ ఆటగత్తె కాదు. పదో రోజు మళ్ళీ తల్లి, కోడలు, కూలి. స్త్రీలకు క్రియ దొరికింది, కర్త పేరు దొరకలేదు. నేను చెప్పదలచుకున్నది ఇదే. ఫోను ముందు కూర్చున్న అమ్మాయికీ ఇదే జరుగుతోంది.

పిల్లల మాటల్లో ఇంకో చిన్న తేడా ఉంది. ‘ఆడు’ పక్కన ‘కొను’ చేరితే ‘ఆడుకొను’. తన కోసం తాను, ఊరికే, ఎవరికీ లెక్క చెప్పకుండా ఆడటం. వాడు కాలేజీ జట్టుకు కబడ్డీ ఆడతాడు. పిల్లలు వాకిట్లో ఆడుకుంటున్నారు. చిన్నప్పుడు అందరూ ఆడుకునేవాళ్ళే. పెరిగేకొద్దీ అబ్బాయి ‘కొను’ను విడిచి ఆడేవాడవుతాడు, అమ్మాయి ఆడుకోవడం మానేస్తుంది. గోళీలు, బొంగరాలు, కర్రాబిళ్ళ, చెడుగుడు వీధిలోకీ ఆ తర్వాత బయళ్ళలోకీ పోయే ఆటలు. గవ్వలు, వామనగుంటలు, అచ్చనగాయలు, గుజ్జనగూళ్ళు అరుగు మీదనో పంచలోనో కూర్చుని ఆడేవి. తొక్కుడుబిళ్ళకూ ఒప్పులకుప్పకూ వాకిలి చాలు. ఈ ఆటల్లో నేర్పు తక్కువని అనను. అచ్చనగాయలు పైకెగరేసి కిందివి దొరకబుచ్చుకునే వేళ్ళు స్లిప్‌లో క్యాచ్ పట్టే వేళ్ళకేమీ తీసిపోవు. కానీ వాటికి మైదానం లేదు, జట్టు లేదు, పై ఊరితో పందెం లేదు. పెద్దమనిషి కాగానే ‘ఇంకా ఆటలేంటే’ అన్న ఒక్క మాటతో అవీ ఆగిపోయేవి. అన్నిళ్ళలోనూ అలాగే జరిగిందని కాదు, ఎక్కువ ఇళ్ళలో జరిగింది.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 146 దేశాల్లో 16 లక్షల మంది బడిపిల్లల లెక్కలు పరిశీలించారు. 11 నుంచి 17 ఏళ్ళవాళ్ళలో రోజుకు గంటసేపు ఒళ్ళు కదిలించనివాళ్ళు 2016 నాటికి 81 శాతం. అబ్బాయిల్లో 78, అమ్మాయిల్లో 85. భారతదేశం లెక్క చాలా దేశాల కన్నా కొంచెం మెరుగ్గా ఉంది. ఎందుకై ఉంటుందని వాళ్ళు ఊహించిన కారణం చదివి నేను చాలాసేపు ఆ నివేదిక మళ్ళీ ముట్టలేదు. అబ్బాయిలకు క్రికెట్, అమ్మాయిలకు ఇంటిచాకిరీ! అంటే ఇద్దరి ఒళ్ళూ కదులుతోంది, ఒకరిది ఆటతో, ఒకరిది పనితో. పట్టికలో రెండూ ఒకే గడిలో పడ్డాయి. ఇద్దరి కాళ్ళూ చేతులూ ఆడుతున్నాయన్నంత వరకు మన క్రియ కూడా ఒప్పుకుంటుంది. కానీ అంట్లు తోమడాన్ని ఆట అనదు.

ఫోను వచ్చింది ఇలాంటి ఇంట్లోకి. అంతకుముందూ వీడియో గేమ్ ఉంది, అది ఎవరిదో పేరులోనే రాసి పెట్టారు. నింటెండో 1989లో అమ్మిన చేతిపెట్టె పేరు గేమ్ బాయ్. 1980లో జపాన్‌లో తోరు ఇవతానీ ఆడవాళ్ళు కూడా ఆటకేంద్రాలకు రావాలని కోరి, తుపాకులు లేకుండా తిండి చుట్టూ ఒక ఆట అల్లాడు. దాని పేరు కూడా ప్యాక్ మ్యాన్ అయింది. 1982లో రివర్ రెయిడ్ రాసిన క్యారల్ షా లాంటి స్త్రీలు ఆటలు తయారుచేసినా, కొనేది కొడుకు కోసమేనన్న లెక్క మారలేదు. మన ఊళ్ళలో మొదట వీడియో గేమ్ పార్లర్లు, ఆ తర్వాత కౌంటర్ స్ట్రైక్ మోగిన నెట్ సెంటర్లు. అవీ మైదానం లాంటివే, అమ్మాయి అడుగుపెట్టే చోట్లు కావు. చేతి ఫోను వల్లే ఆట ఆమె ఉన్న చోటికి వచ్చింది. గది తలుపు దాటకుండా, తోడు లేకుండా ఆడుకోగల ఆట ఆమెకు ఇదే మొదటిసారి దొరికింది. టెంపుల్ రన్, క్యాండీ క్రష్, కరోనా లాక్‌డౌన్‌లో అయితే ఇంటిల్లిపాదీ లూడో కింగ్. అష్టాచెమ్మా అరుగు మీద నుంచి తెర మీదికి ఎక్కింది. అబ్బాయి విషయంలో ఫోను మైదానాన్ని లాక్కుందేమో, అమ్మాయి విషయంలో లాక్కోవడానికి అక్కడ మైదానమే లేదు. ఫోను మీద కోపం ఉన్న పెద్దలు ఈ తేడా గమనించాలని నా కోరిక.

మాటల్లో మార్పు కూడా చూడండి. ‘ఆటలాడుతున్నాడు’ అంటే ఇప్పటికీ బయట. ‘గేమ్ ఆడుతున్నాడు’ అంటే ఫోనులో. నామవాచకం ఇంగ్లీషుదైంది, క్రియ మాత్రం మారలేదు. గేమ్‌తో పాటు ‘గేమర్’ వచ్చింది. ఈ మాటకు గాడు లేదు, కత్తె లేదు. లింగం లేని కర్త పేరు దొరికిందని సంతోషించాలి. కానీ దాన్ని తనకు తాను పెట్టుకునే అమ్మాయి అరుదు. అమెరికాలో ఆ పరిశ్రమ సంఘం 2023 లెక్క ప్రకారం ఆడేవాళ్ళలో 46 శాతం ఆడవాళ్ళే. అక్కడ కూడా గేమర్ అనగానే కళ్ళ ముందు మెదిలేది కుర్రాడే. ఇక్కడ రోజూ గంట ఆడే ఇల్లాలిని అడిగితే ‘అబ్బే, ఊరికే టైంపాస్’ అంటుంది. గుంపుగా కాల్చుకునే ఆటల వంటివాటిని ఇ-స్పోర్ట్స్ పేరుతో 2022 డిసెంబరులో మన ప్రభుత్వం క్రీడల కిందికి తెచ్చింది. 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఇ-స్పోర్ట్స్‌నూ, కాలక్షేపానికి ఆడే సోషల్ గేమ్స్‌నూ, డబ్బు పెట్టి ఆడేవాటినీ మూడుగా విడదీసి, మూడోదాన్ని నిషేధించింది. జూదం విషయంలో అది మంచి పనే. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని అడ్డుకున్నది ఇళ్ళు గుల్లవుతున్నాయనే. అయితే మొదటి గడిలో పడ్డవాడికి క్రీడాకారుడన్న పేరు, పతకం, శిక్షణ దక్కుతాయి. లూడో ఆడే ఆమె రెండో గడిలో ఆడుకుంటూ మిగులుతుంది.

ఆమె మొదటి గడిలోకి వెళ్తే ఏమవుతుంది? ఆ ఆటల్లో జట్టువాళ్ళతో మైకులో మాట్లాడుతూ ఆడాలి. గొంతు ఆడదని తెలిసిన మరుక్షణం బూతులు మొదలవుతాయి, లేదంటే ఫోన్ నంబరు అడుగుతారు. చాలామంది అమ్మాయిలు మగపేరు పెట్టుకుని, మైకు ఆపేసి ఆడతారు. ఆట ఆడాలంటే మాట ఆడకూడదు! ఒకే క్రియలోని రెండు కొమ్మల్లో ఒకదాన్ని నరుక్కుంటేగానీ రెండోది దక్కడం లేదు. దీన్ని పిల్లల గోలగా కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. జట్టు ఆటలో పిలుపు ఇవ్వలేనివాడు ఓడిపోతాడు. మైకు ఆపుకున్న అమ్మాయి ఓడిపోతే ‘ఆడవాళ్ళకు గేమ్ రాదు’ అంటారు.

తెర మీది ఆట మైదానానికి దారి చూపగలదా అన్న ప్రశ్న కూడా ఇక్కడిదే. పేరున్న ఫుట్‌బాల్ గేమ్ ఫిఫాలో మహిళల జట్లు మొదట చేరింది 2015లో, అదీ 12 దేశాలవి. అంతకుముందు ఇరవై ఏళ్ళకు పైగా ఆ తెర మీద ఆడే బొమ్మల్లో ఒక్క ఆడదీ లేదు. అబ్బాయి ఆ గేమ్ ఆడి సాయంత్రం బంతి పట్టుకుని వెళ్తే అది కొనసాగింపు. అమ్మాయికి ఆ తెరలో పోలిక దొరకలేదు, బయట బంతీ దొరకలేదు. నాకు ఆశ కలిగించేవి డాన్స్ గేమ్స్. కొనామీ 1998లో తెచ్చిన డాన్స్ డాన్స్ రెవల్యూషన్‌లో కాళ్ళ కింది పలక మీద బాణం వెలిగిన చోట అడుగు వెయ్యాలి, 2009 నుంచి జస్ట్ డాన్స్. చెమట పట్టే వీడియో గేములివి. అది నాట్యమా, క్రీడా, వీడియో గేమా అని ఇంగ్లీషువాళ్ళు తర్జనభర్జన పడవచ్చు. తెలుగుకు ఆ చిక్కు లేదు. అది ఆట.

ఇప్పుడు మైదానం కొంత తెరుచుకుంటోంది. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష 2025 అండర్-19 ప్రపంచకప్పులో టోర్నీ మొత్తానికి మేటిగా నిలిచింది. అదే ఏడాది నవంబరు 2న నవీ ముంబైలో వన్డే ప్రపంచకప్పు గెలిచిన జట్టులో కడప జిల్లా శ్రీచరణి ఉంది. అమ్మాయిలు గెలిచారు, ఆడారు అని ఊళ్ళన్నీ బహువచనంలో చెప్పుకున్నాయి. కానీ జాతీయ జట్టు స్థాయికి చేరినవాళ్ళకు దక్కిన పేరు వాళ్ళ వీధిలో ఉన్న అమ్మాయిదాకా రావాలంటే పేరుతో పాటు గంటలు కావాలి. 2019 కేంద్ర సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసే స్త్రీ రోజుకు దానికి పెట్టే సమయం సగటున 299 నిమిషాలు, పురుషుడిది 97. ఫోను సంగతీ అంతే: 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సొంతానికి వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు దేశంలో 54 శాతం. మిగతావాళ్ళు భర్తదో తమ్ముడిదో ఖాళీగా ఉన్నప్పుడు పట్టుకుంటారు, అతను అడగ్గానే ఇచ్చేస్తారు.

బడిలో మనకొక మాట ఉంది, ఆటవిడుపు. విడిచిపెట్టడం విడుపు, ఆట కోసం విడిచిపెట్టడం ఆటవిడుపు. విడిచేవాడు ఒకడుంటేనే ఆ మాటకు అర్థం. మాస్టారు గంట కొట్టించి విడిచిపెట్టేవారు. ఇంటికొచ్చాక అబ్బాయికి ఆటవిడుపు కొనసాగేది, అమ్మాయికి చీపురు చేతికొచ్చేది. సాయంత్రం అయిదు నుంచి ఆరున్నర దాకా ఆమెకు ఏ పనీ చెప్పకూడదని ఒక ఇల్లు నిశ్చయించుకుంటే, బడిలో గేమ్స్ పీరియడ్‌కి బంతి ముందు అమ్మాయిల చేతికిస్తే, ఆ గంటన్నరలో ఆమె కబడ్డీకి వెళ్తుందో, ఫోనులో గేమ్ పెట్టుకుంటుందో, రెండూ మానేసి గోడకానుకుని కబుర్లాడుతుందో ఆమే తేల్చుకుంటుంది.